డేటాబేస్ పుస్తకం కొనేముందు ఏ పేజీ తెరిచి చూడాలి

మా భీమవరం వైపు ఇంజనీరింగ్ చదివే పిల్లలు సెలవులకు ఇంటికొచ్చినప్పుడు తరచూ అడుగుతుంటారు, "అన్నా, డేటాబేస్ నేర్చుకోవాలి, ఏ పుస్తకం కొనమంటావు?" అని. నేను వెంటనే పేరు చెప్పను. నువ్వు చేయబోయే పని ఏంటి, క్వెరీలు (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు) రాయడమా, సర్వర్ చూసుకోవడమా అని అడుగుతాను. అది తేలకుండా కొన్న పుస్తకం బీరువాలోకే వెళ్తుంది.

రొయ్యల మేత దుకాణం ఒకటి అనుకోండి. రైతుకు మేత అప్పు మీద ఇస్తారు, పట్టుబడి అయ్యాక బాకీ జమ అవుతుంది. ఏ చెరువుకు ఎన్ని బస్తాలు వెళ్లాయి, ఎవరి బాకీ ఎంత మిగిలింది అని చూపించేది ప్రోగ్రామర్ పని. ఆ లెక్కలన్నీ ఉన్న డిస్క్ పొద్దున పోతే మధ్యాహ్నానికల్లా దుకాణం మళ్లీ నడిచేలా చేసేది అడ్మిన్, అంటే డీబీఏ (డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్) పని. చిన్న ఆఫీసుల్లో రెండూ ఒకరే చేస్తారు, నేనూ అలాగే చేశాను, కానీ ఈ రెండింటికీ ఒకే పుస్తకం వెతక్కండి. దొరకదు.

ముందు పాత పుస్తకాల సంగతి, ఎందుకంటే మనలో చాలామంది మొదట కొనేది అవే. పొద్దున రైలెక్కి విజయవాడ వెళ్లి లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్లు తిరిగితే కంప్యూటర్ పుస్తకాలు గుట్టలుగా కనిపిస్తాయి. వాటిలో ఏది ఇప్పటికీ పనికొస్తుంది, ఏది రాదు? సిద్ధాంతం చెప్పే పుస్తకం నెమ్మదిగా పాతబడుతుంది. ఐబీఎంలో పనిచేసిన కాడ్ 1970లో రిలేషనల్ మోడల్ (సమాచారాన్ని టేబుళ్లుగా పెట్టే పద్ధతి) గురించి రాసిన వ్యాసం మీదే ఇప్పటికీ మన టేబుళ్లు నిలబడి ఉన్నాయి. అందుకే సిల్బర్‌షాట్జ్, కోర్త్, సుదర్శన్ కలిసి రాసిన 'డేటాబేస్ సిస్టమ్ కాన్సెప్ట్స్' పాత ఎడిషన్ దొరికినా భయపడకుండా తీసుకోండి. 2019లో ఏడో ఎడిషన్ వచ్చింది, డబ్బుంటే అదే మంచిది, కానీ నార్మలైజేషన్, ట్రాన్సాక్షన్, లాకింగ్, రికవరీ అధ్యాయాల కోసమైతే అంతకు ముందుది కూడా చాలు. ఈ ముగ్గురిలో సుదర్శన్ గారు ఐఐటీ బొంబాయి ప్రొఫెసర్ అని పిల్లలకు చెబితే ఆ పుస్తకం మీద భయం కొంచెం తగ్గుతుంది. ఇదే సిద్ధాంతం చెప్పే ఎల్మస్రీ, నవాతే పుస్తకం ఇప్పటికే ఇంట్లో ఉంటే మళ్లీ ఇది కొనక్కర్లేదు, రెండిట్లో ఒకటి చాలు.

అడ్మిన్ పుస్తకం అలా కాదు. ఇక్కడ మాత్రం అట్ట మీద వెర్షన్ నంబర్ చూడకుండా డబ్బు తీయకండి. మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్, పోస్ట్‌గ్రెస్ అనేవి డేటాబేస్ సాఫ్ట్‌వేర్లు, వెర్షన్‌తో పాటు వాటి కమాండ్లూ మారతాయి. మైఎస్‌క్యూఎల్ పాత పుస్తకాల్లో యూజర్‌ని సృష్టించడం, అనుమతి ఇవ్వడం రెండూ ఒకే గ్రాంట్ కమాండ్‌తో చేయిస్తారు, 2018లో వచ్చిన 8.0లో అది పనిచేయదు, ముందు క్రియేట్ యూజర్ రాసి ఆ తర్వాతే గ్రాంట్ రాయాలి. ఒరాకిల్ 11జీ పుస్తకం చూసి 12సీ, ఆపై వెర్షన్లలో రూట్ కంటైనర్‌లోకి లాగిన్ అయి మామూలు పేరుతో యూజర్‌ని చేయబోతే ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే 12సీ నుంచి ఒక పెద్ద కంటైనర్ డేటాబేస్, దాని లోపల విడివిడి ప్లగ్గబుల్ డేటాబేస్‌లు అనే కొత్త ఏర్పాటు వచ్చింది. పోస్ట్‌గ్రెస్‌లో అయితే 2019లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి రికవరీ.కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైలు తీసేశారు, పాత పుస్తకం చెప్పినట్టు ఆ ఫైలు పెడితే సర్వర్ అసలు లేవనే లేవదు. మొదటి వారంలోనే ఇలాంటివి తగిలితే కొత్తగా నేర్చుకునే పిల్లలు తప్పు తమదే అనుకుని టెన్షన్ పడి మానేస్తారు. అది నాకు చాలా బాధగా ఉంటుంది, ఎందుకంటే తప్పు వాళ్లది కాదు, పుస్తకం తేదీది.

ఇక క్వెరీలు రాసే భాష ఎస్‌క్యూఎల్‌ని నేర్పే పుస్తకం. కొట్లో నిలబడి ఐదు నిమిషాల్లో తేల్చుకోవాలంటే వెనక ఉండే సూచికలో 'నల్' అనే మాట వెతికి ఆ పేజీ తెరవండి. ఎందుకు అదే అంటారా, మేత దుకాణం లెక్కే చూద్దాం. ఇప్పటిదాకా ఒక్క పైసా కట్టని రైతుల జాబితా కావాలి. జమల టేబుల్లో నంబర్ లేని రైతులందరినీ చూపించమని 'నాట్ ఇన్' పెట్టి రాస్తాం. చూడటానికి సరిగ్గానే ఉంటుంది. కానీ జమల టేబుల్లో ఎవరో తొందరలో రైతు నంబర్ వేయకుండా ఒక్క పద్దు ఎక్కించి ఉంటే చాలు, జాబితా మొత్తం ఖాళీగా వస్తుంది. నల్ అంటే సున్నా కాదు, తెలియదు అని. ఈ రైతు నంబర్, ఆ తెలియని నంబర్ ఒకటి కాదని డేటాబేస్ ఖాయంగా చెప్పలేదు, అందుకే ఒక్క వరుస కూడా ఇవ్వదు. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు, యజమాని మాత్రం అందరూ కట్టేశారనుకుంటాడు. ఈ విషయం వివరించి, దాని బదులు 'నాట్ ఎగ్జిస్ట్స్' ఎలా రాయాలో చూపించిన పుస్తకమైతే తీసుకోండి. 'నల్ అంటే ఖాళీ విలువ' అని ఒక్క ముక్కలో తేల్చేసిన పుస్తకం మిగతా చోట్ల కూడా అలాగే తేల్చేస్తుంది.

ఆ పుస్తకం ఏ డేటాబేస్ మీద రాసిందో కూడా చూడండి. మొదటి పది వరుసలు తెమ్మనడానికి మైఎస్‌క్యూఎల్‌లో లిమిట్ రాస్తాం, ఒరాకిల్‌లో పాత పద్ధతి రోనమ్, 12సీ నుంచి ఫెచ్ ఫస్ట్ వచ్చింది. అసలేమీ రానివాళ్లకు నేను ఇచ్చేది అలాన్ బోలియు 'లెర్నింగ్ ఎస్‌క్యూఎల్' మూడో ఎడిషన్, 2020లో వచ్చింది, విండో ఫంక్షన్లు (వరుసల్ని కలిపేయకుండానే మొత్తాలు, ర్యాంకులు లెక్కగట్టేవి) కూడా ఉన్నాయి. అందులో ఉదాహరణలు ఎక్కువగా డీవీడీలు అద్దెకిచ్చే షాపు టేబుళ్ల మీద ఉంటాయి. మన పిల్లల్లో చాలామందికి డీవీడీ అద్దె అంటే తెలియదు, అందుకని ఒక్కో అధ్యాయం అయ్యాక అదే క్వెరీని చెరువు, రైతు, మేత, జమ టేబుళ్ల మీద మళ్లీ రాయమంటాను. అలా రాసినవాళ్లకు జాయిన్లు (రెండు మూడు టేబుళ్లను కలిపి చూపించడం) వారంలో వచ్చేశాయి.

రెండో మెట్టు ఇండెక్స్, అంటే టేబుల్లో వెతుకులాట త్వరగా అయ్యేలా డేటాబేస్ పెట్టుకునే సూచిక. మార్కుస్ వినాండ్ 2012లో రాసిన 'ఎస్‌క్యూఎల్ పెర్ఫార్మెన్స్ ఎక్స్‌ప్లెయిన్డ్' చిన్న పుస్తకం, రెండు వందల పేజీల చిల్లర. పాతదే కదా అనకండి, ఇండెక్స్ లోపల ఉండే బీ-ట్రీ అనే అమరిక మారలేదు. తేదీ కాలమ్ మీద ఇండెక్స్ ఉన్నా, దానికి ఇయర్ ఫంక్షన్ తగిలించి వెతికితే ఆ ఇండెక్స్ ఎందుకు పనికిరాకుండా పోతుందో ఇందులో చదివితే ఇక మర్చిపోరు. కొనలేకపోతే 'యూజ్ ది ఇండెక్స్, ల్యూక్' అనే ఆయన సైట్‌లో ఉచితంగా చదవొచ్చు.

అడ్మిన్ పుస్తకానికి నా పరీక్ష వేరు. అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక ధాన్యం వ్యాపారి దగ్గర లెక్కల సర్వర్ నేను చూసేవాణ్ణి. రోజూ రాత్రి బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లేది. దాళ్వా ధాన్యం లారీలు వరుసగా వస్తున్న రోజుల్లో డిస్క్ పోయింది. బ్యాకప్ ఎక్కించబోతే సగంలో ఆగిపోయింది, పెన్‌డ్రైవ్ నిండిపోయి చాలా రోజులుగా ఫైలు అసంపూర్తిగానే రాస్తోంది. ఒక్కసారి కూడా దాన్ని వేరే కంప్యూటర్‌లో ఎక్కించి చూడలేదు. రెండు రోజులు గుమస్తాల చిట్టాలు ముందేసుకుని బస్తా బస్తా లెక్క మళ్లీ కట్టాం. నేను నేర్చుకున్న పుస్తకంలో బ్యాకప్ తీయడానికి ఒక అధ్యాయం ఉంది, తిరిగి ఎక్కించడానికి ఒక్క పేరా ఉంది.

కాబట్టి పుస్తకం చేతిలోకి తీసుకుని ఈ ప్రశ్న అడగండి. రాత్రి రెండింటికి బ్యాకప్ అయింది, పగలు పదకొండింటికి ఎవరో వేర్ (ఏ వరుసలో చెప్పే షరతు) లేకుండా డిలీట్ కొట్టి టేబుల్ మొత్తం చెరిపేశారు, ఆ తొమ్మిది గంటల పద్దులు పోకుండా పదకొండుకి ఒక నిమిషం ముందు స్థితికి ఎలా వెళ్లాలి? దీనికి ఆధారం ప్రతి మార్పునూ రాసిపెట్టే లాగ్. మైఎస్‌క్యూఎల్ పుస్తకమైతే బైనరీ లాగ్, పోస్ట్‌గ్రెస్‌దైతే వాల్ ఆర్కైవింగ్, ఒరాకిల్‌దైతే ఆర్కైవ్ లాగ్ మోడ్, ఆర్‌మ్యాన్ అనే బ్యాకప్ సాధనం పట్టుకుని ఒక్కో అడుగూ చేయించాలి. డేటా మొత్తాన్ని ఒక ఫైల్లోకి తీసే ఉత్త డంప్ కమాండ్ దగ్గర ఆగిపోయిన పుస్తకం పక్కన పెట్టండి, మిగతాది ఎంత బాగున్నా సరే.

మైఎస్‌క్యూఎల్ చూసుకునేవాళ్లకు 'హై పెర్ఫార్మెన్స్ మైఎస్‌క్యూఎల్' మంచిదే, కానీ 2021 నాటి నాలుగో ఎడిషన్ తీసుకోండి, 2012 నాటి మూడోది 8.0 కంటే చాలా ముందుది. అది మొదటి పుస్తకం కూడా కాదు, సర్వర్ నాలుగు నెలలు నడిపాక తెరిస్తే విలువ తెలుస్తుంది. పోస్ట్‌గ్రెస్ వాళ్లు అడ్మిన్ పుస్తకం కొనకపోయినా పర్వాలేదు. దాని అధికారిక మాన్యువల్ ఉచితం, ప్రతి వెర్షన్‌కూ విడిగా ఉంటుంది, బ్యాకప్, రిస్టోర్ అధ్యాయం ఎంత ఓపిగ్గా రాశారంటే నేను ఆ పేజీలు జిరాక్స్ తీయించి బైండింగ్ చేయించుకున్నాను, కరెంటు పోయిన రోజు కూడా చేతికి అందేలా. ప్రశ్నలు జవాబుల పుస్తకాలు, కోచింగ్ సెంటర్ నోట్సులు ఇంటర్వ్యూకి ముందు వారం చూసుకోవచ్చు, వాటితో మొదలుపెట్టొద్దు.

ఒక్క పుస్తకానికే డబ్బుంది అంటే 'లెర్నింగ్ ఎస్‌క్యూఎల్' కొనండి, వినాండ్ సైట్, పోస్ట్‌గ్రెస్ మాన్యువల్ ఉచితమే కదా, సిద్ధాంతం పుస్తకం కాలేజీ లైబ్రరీలో తెచ్చుకోండి. కొన్న రోజు రాత్రే ల్యాప్‌టాప్‌లో డేటాబేస్ పెట్టి, మీ ఇంటి చెరువుదో పొలానిదో లెక్క నాలుగు టేబుళ్లలో ఎక్కించి, బ్యాకప్ తీసి, ఆ డేటాబేస్ మొత్తం చెరిపేసి, మళ్లీ ఎక్కించండి.