వసంతంలో గాలం వేసే ముందు నీళ్ళెంత వెచ్చగా ఉన్నాయో చూడండి

చలి తగ్గి రెండ్రోజులు ఎండ కాస్తే చాలు, మనోళ్ళు రాడ్ పట్టుకుని తెల్లారకముందే గట్టు మీద కూర్చుంటారు, పదింటి దాకా ఒక్కటీ తగలదు, ఇక ఇందులో చేపల్లేవని తిట్టుకుంటూ ఇంటికొచ్చేస్తారు. నేనూ చాన్నాళ్ళు ఇదే చేశా. వేసవిలో పొద్దున్నే వెళ్ళడం కరెక్టే గానీ వసంతంలో రాత్రంతా చల్లబడిన నీళ్ళు కాస్త వెచ్చబడేది మధ్యాహ్నానికే, అందుకని హాయిగా భోంచేసి వెళ్ళండి.

చేప ఒంటికి సొంత వేడి ఉండదు, నీళ్ళెంత చల్లగా ఉంటే అదీ దాదాపు అంతే. అరుగుదల మెల్లగా ఉంటుంది కాబట్టి ఆకలీ తక్కువే, ఎర వెంట పరిగెత్తే ఓపికా ఉండదు. కాబట్టి లూర్ల మీద, అంటే నకిలీ ఎరల మీద, డబ్బులు పోసే ముందు ఒక చిన్న థర్మామీటర్ కొని తాడుకి కట్టుకోండి, నాలుగైదు చోట్ల ముంచి చూడండి. ఒకే చెరువులో ఒక మూలకీ ఇంకో మూలకీ రెండు డిగ్రీలు తేడా ఉంటే చేపలు వెచ్చగా ఉన్న మూలకే చేరతాయి.

ఆ మూల ఎక్కడంటే, భూమికి ఉత్తరార్ధంలో ఉన్నవాళ్ళకి సూర్యుడు దక్షిణం వైపు వాలి ఉంటాడు కాబట్టి ఉత్తరపు గట్టు ముందు వెచ్చబడుతుంది. లోతు తక్కువ, అడుగున నల్ల బురదో రాళ్ళో ఉన్న చోటు ఇంకా మేలు. మధ్యాహ్నం గాలి ఒకే వైపుకి వీస్తుంటే పైనున్న వెచ్చటి నీళ్ళు ఆ గట్టుకే చేరతాయి, మొహానికి గాలి కొట్టి విసరడం కష్టమైనా అక్కడే నిలబడండి.

ఏ చేప ఎప్పుడంటే, పైక్ మంచు కరగ్గానే గడ్డి మునిగిన పల్లపు నీళ్ళలోకి గుడ్లు పెట్టడానికి వచ్చేస్తుంది, ట్రౌట్ 10 నుంచి 16 డిగ్రీల మధ్య మంచి హుషారుగా ఉంటుంది, లార్జ్‌మౌత్ బాస్ 10 దాటాక మెల్లగా ఒడ్డు వైపు జరిగి 15 నుంచి 20 మధ్య గూడు కట్టి గుడ్లు పెడుతుంది. ఆ గూటికి కాపలా మగచేపే, దాన్ని లాగేస్తే చిన్నచేపలు క్షణాల్లో గుడ్లు తినేస్తాయి, కనక గూడు కనబడితే నేనైతే వదిలేస్తా. చాలా చోట్ల ఈ సీజన్లో పట్టడమే నిషేధం, మీ దగ్గర రూల్ ఏంటో ముందే కనుక్కోండి.

ఇక ఎర సంగతి. చిన్న జిగ్ (తల దగ్గర సీసపు బరువున్న గాలపు కొక్కెం) గానీ బెండు కింద వానపాము గానీ చాలు. రీల్ ఎంత మెల్లగా తిప్పుతున్నా అనుకుంటారో అందులో సగం స్పీడులో తిప్పండి, మధ్యమధ్యలో ఆపేసి ఐదు లెక్కపెట్టండి, చాలాసార్లు ఆ ఆపినప్పుడే పట్టుకుంటుంది. చల్లటి నీళ్ళలో గట్టిగా గుంజుతుందని చూడకండి, లైన్ కొంచెం బరువెక్కినట్టో పక్కకి జరిగినట్టో అనిపిస్తే అదే.

వదిలేసే చేపైతే చేతులు తడిపి పట్టుకోండి, పొడిచేత్తో దాని ఒంటి మీద జిగురు పోతుంది. పడవలో వెళ్తే లైఫ్ జాకెట్ వేసుకునే ఉండండి, ఎండ ఎంతున్నా ఆ నీళ్ళలో పడితే ఊపిరి బిగుసుకుపోయి ఈతొచ్చినవాడికైనా కష్టమే.

ఆ, పోయినేడాది నైలాన్ లైన్ ఇంకా రీల్ మీదే ఉంటే తీసేయండి. సీజన్లో మొదటి పెద్దచేప దగ్గరే అది తెగుతుంది, నాకు రెండుసార్లు తెగింది.