ఈబేలో ఆక్షన్ పెడితే బిడ్లు రావట్లేదా? రేటు తగ్గించే ముందు ఇది చూడండి

డాలస్‌లో శనివారం పొద్దున్నే లేచి గ్యారేజ్ సేల్స్ తిరగడం, పాత ఫిల్మ్ కెమెరాలు ఏరుకొచ్చి శుభ్రం చేసి ఈబేలో ఆక్షన్‌కి పెట్టడం, ఇదీ నా పిచ్చి. మా ఆవిడ దీన్ని వ్యాపారం అని ఒప్పుకోదు, గ్యారేజ్‌లో కారుకి చోటు లేకుండా చేసే రోగం అంటుంది. సరే అది వేరే గొడవ. నాలాగా మొదలుపెట్టిన మనవాళ్ళు ఫోన్ చేసి అడిగే ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఒకటే, "అన్నా, పెట్టి ఐదు రోజులైంది, ఒక్క బిడ్ రాలేదు, రేటు తగ్గించమంటావా?"

ఏ జ్వరం వచ్చినా పారాసిటమాల్ వేసినట్టు ఉంటుంది ఇది. జనానికి అసలు లిస్టింగ్ కనపడకపోవడం ఒక సమస్య, కనపడినా నొక్కకపోవడం ఇంకొకటి, నొక్కి చూసి కూడా బిడ్ వేయకపోవడం మూడోది. మూడింటికీ మందు వేరు. అందుకే నేను ముందు రేటు అడగను, వ్యూస్ ఎన్ని, వాచర్స్ (బిడ్ వేయకుండా, మర్చిపోకుండా గుర్తు పెట్టుకుని గమనించేవాళ్ళు) ఎంతమంది అని అడుగుతా. ఈబేలో అమ్మేవాళ్ళకి ఇచ్చే సెల్లర్ హబ్‌లో ట్రాఫిక్ అని ఒక పేజీ ఉంటుంది, వెతికేవాళ్ళ కళ్ళ ముందుకి మీ లిస్టింగ్ ఎన్నిసార్లు వెళ్ళిందో, అందులో ఎంతమంది నొక్కారో విడివిడిగా చూపిస్తుంది. అది తెరిచి పెట్టుకుని కింద చదవండి. ఉదాహరణకి కెనాన్ ఏఈ-1 తీసుకుంటున్నా, 1976లో వచ్చిన కెమెరా, గ్యారేజ్ సేల్స్‌లో నాకు ఎక్కువగా దొరికేది అదే కాబట్టి.

సమస్య: అసలు వ్యూసే లేవు

తొంభై పాళ్ళు టైటిలే కారణం. నా మొట్టమొదటి లిస్టింగ్ టైటిల్ "అందమైన పాత వింటేజ్ కెమెరా, చాలా రేర్, చూడండి!!" అని ఇంగ్లీషులో పెట్టా, సిగ్గు లేకుండా చెప్తున్నా. టైటిల్‌కి ఇచ్చేది 80 అక్షరాలు, అందులో సగం "అందమైన", "వావ్" లాంటి వాటికే పోయాయి. కొనేవాడు సెర్చ్‌లో వావ్ అని కొట్టడు కదండీ, కెనాన్ ఏఈ-1 అని కొడతాడు, 50ఎంఎం అని కొడతాడు.

పరిష్కారం: కంపెనీ, మోడల్, అది ఏం వస్తువు, కూడా ఏం వస్తుంది, ఏ కండిషన్, ఈ వరుసలో రాయండి. "కెనాన్ ఏఈ-1 35ఎంఎం ఫిల్మ్ ఎస్ఎల్ఆర్ కెమెరా, ఎఫ్‌డీ 50ఎంఎం ఎఫ్1.8 లెన్స్, టెస్టెడ్", ఇంతే. దీన్నే ఇంగ్లీషులో టైప్ చేస్తే 80లో హాయిగా పడుతుంది. తెలివిగా ఉందామని ఏఈ-1 టైటిల్‌లో "ప్రోగ్రామ్" అనే మాట ఇరికించకండి, ఏఈ-1 ప్రోగ్రామ్ అనేది 1981లో వచ్చిన వేరే మోడల్, దాని కోసం వెతికేవాడికి ఇది అంటగడితే వెనక్కి పంపిస్తాడు, పైగా సంబంధం లేని మాటలు టైటిల్‌లో పెట్టడం ఈబే రూల్స్‌కి విరుద్ధం, లిస్టింగే పీకేస్తారు.

టైటిల్ బాగానే ఉన్నా వ్యూస్ లేవంటే ఐటెమ్ స్పెసిఫిక్స్ ఖాళీగా వదిలేశారేమో చూడండి. బ్రాండ్, మోడల్, కెమెరా రకం, లెన్స్ మౌంట్ అని గళ్ళు అడుగుతుంది కదా, విసుగొచ్చి అందరం దాటేసేది దాన్నే. కొనేవాడు పక్కన ఫిల్టర్లలో టిక్ పెట్టగానే ఆ గడి నింపని లిస్టింగ్స్ లిస్టులోంచి మాయం. మీరు పెట్టిన వస్తువు ఉంది, కానీ వాడికి లేదు. కేటగిరీ కూడా అంతే, ఫిల్మ్ కెమెరాని తీసుకెళ్ళి డిజిటల్ కెమెరాల్లో పెట్టినవాళ్ళని చూశా.

సమస్య: లిస్టులో కనపడుతోంది, ఎవరూ నొక్కట్లేదు

మొదటి ఫొటో. ఇంకేం లేదు. పూల దుప్పటి మీద పెట్టి, రాత్రి ట్యూబ్‌లైట్ కింద, ఫ్లాష్ వేసి తీసిన ఫొటో ఫోన్‌లో వేలిగోరంత కనపడుతుంది, అందులో కెమెరా ఏదో పువ్వు ఏదో తెలీదు. స్టోర్‌లో తెల్ల చార్ట్ కొనండి, కిటికీ పక్కన టేబుల్ మీద వంపుగా ఆనించండి, పగటి వెలుతురులో ఫ్లాష్ ఆపేసి, ఫ్రేమ్ నిండేలా తీయండి. పొడుగు వైపు 500 పిక్సెల్స్ కన్నా తక్కువుంటే ఈబే తీసుకోదు, 1600 ఉంటే కొనేవాడు జూమ్ చేసి చూసుకోవచ్చు, ఇప్పటి ఫోన్లన్నీ అంతకంటే ఎక్కువే ఇస్తాయి గానీ వాట్సాప్‌లో పంపుకుని మళ్ళీ దాన్నే ఎక్కించే అలవాటుంటే మానేయండి, అది పిండేసి పంపిస్తుంది. ఫొటో మీద "ఫ్రీ షిప్పింగ్" అని రాయడం, చుట్టూ రంగు బోర్డర్ వేయడం కుదరదు, ఒప్పుకోరు.

24 ఫొటోల దాకా పెట్టొచ్చు. కెమెరా అయితే నేను తీసేవి: ముందు, వెనక, పైన, అడుగున, బ్యాటరీ గది లోపల తుప్పుందా లేదా తెలిసేలా, వెనక తలుపు తెరిచి షట్టర్ తెర, తలుపు అంచుల్లో నల్ల ఫోమ్ (ఈ వయసు కెమెరాల్లో అది కరిగి బంకలా అయిపోతుంది, వెలుతురు లోపలికి కారుతుంది), వ్యూఫైండర్‌లోంచి ఫోన్ పెట్టి ఒకటి, లెన్స్ వెనక నుంచి టార్చ్ కొట్టి ఒకటి. ఆ చివరిది చాలా మంది తీయరు, ఫంగస్ ఉందో లేదో తేల్చేది అదే. సొట్ట ఉంటే వేలు పెట్టి చూపిస్తూ దగ్గర నుంచి తీయండి, దాచిపెట్టిన సొట్ట కంటే చూపించిన సొట్టకే ఎక్కువ బిడ్లు వస్తాయి నా అనుభవంలో.

సమస్య: వాచర్స్ పద్నాలుగు మంది, బిడ్లు సున్నా

మొదట ఇది సమస్యేనా కాదా చూడాలి. ఆక్షన్లలో ముదుర్లు చివరి పది సెకన్ల దాకా చెయ్యి బయట పెట్టరు, ముందే వేస్తే రేటు పెరుగుతుందని. ఏడు రోజుల ఆక్షన్‌లో ఆరో రోజుకి నలుగురైదుగురు వాచ్ చేస్తూ ఉంటే కంగారుపడి ఎండ్ చేయొద్దు. నేను చేశా ఒకసారి. తర్వాత ఒకాయన మెసేజ్ పెట్టాడు, "నూట ఇరవై దాకా వేద్దామనుకున్నా, ఎందుకు తీసేశావ్?" అని.

నిజంగానే గడువు అయిపోయి ఎవరూ వేయలేదంటే మాత్రం, రేటు కంటే ముందు "అన్‌టెస్టెడ్" అనే మాట ఉందేమో చూడండి. అన్‌టెస్టెడ్ అంటే కొనేవాడు చదివేది "పని చేయదు, ఒప్పుకోవడం ఇష్టం లేదు" అని. ఏఈ-1 బ్యాటరీ లేకపోతే షట్టర్ కూడా పడదు, 6 వోల్టుల 4ఎల్ఆర్44 బ్యాటరీ ఒకటి వేస్తే సరిపోయేదానికి చాలామంది "నా దగ్గర బ్యాటరీ లేదు కాబట్టి టెస్ట్ చేయలేదు" అని రాసి సగం రేటు వదులుకుంటున్నారు. బ్యాటరీ కొనండి. అన్ని స్పీడ్ల మీద కొట్టి చూడండి. కొట్టినప్పుడు కుక్కపిల్ల మూలిగినట్టు కీచుమంటుందా, ఏఈ-1 వాళ్ళందరికీ తెలిసిన జబ్బే అది, అద్దం కదిలించే గేర్ల దగ్గర నూనె ఎండిపోవడం వల్ల వస్తుంది, అదే మాట వర్ణనలో రాయండి, తెలిసినవాడు భయపడడు. పెంటాక్స్ కే1000 లాంటిదైతే ఇంకా సులువు, దానికి బ్యాటరీ వెలుతురు కొలిచే మీటర్‌కే, షట్టర్ ఊరికే పడుతుంది.

నిజంగా పాడైపోయిందా? "పార్ట్స్ కోసం, పని చేయదు" అనే కండిషన్ ఎంచుకుని అదే చెప్పండి, కొనేవాళ్ళు ఉంటారు. 1995లో ఈబే మొదలైన కొత్తలో అమ్ముడుపోయిన తొలి వస్తువే పాడైపోయిన లేజర్ పాయింటర్, 14.83 డాలర్లకి.

ఇంకో కారణం షిప్పింగ్. కెమెరా 30 డాలర్లకి మొదలుపెట్టి షిప్పింగ్ 28 అంటే ఎవడైనా నవ్వుకుని వెళ్ళిపోతాడు. డబ్బాలో సర్ది, కిచెన్ స్కేల్ మీద తూచి, కొలతలు ఎక్కించి క్యాల్కులేటెడ్ షిప్పింగ్ పెట్టండి, పక్క ఊరివాడికి తక్కువ, దూరం వాడికి ఎక్కువ అదే లెక్కేస్తుంది. షిప్పింగ్‌లో లాభం చూసుకుందాం అనే ఐడియా వద్దు, ఈబే ఫీజు షిప్పింగ్ డబ్బుల మీద కూడా పడుతుంది.

ఒక జాగ్రత్త, ఈ దిద్దుబాట్లన్నీ బిడ్ పడకముందే చేసుకోవాలి. బిడ్ పడ్డాక చాలా వరకు మార్చనివ్వదు, వర్ణన కింద జత చేయడమే.

సమస్య: బిడ్లు వచ్చాయి, చౌకగా పోయింది

ఇక్కడ ఈబే లెక్క అర్థం చేసుకోవాలి. ఒకడు నా గరిష్ఠం 120 అని వేశాడు, రెండోవాడు 80 దగ్గర ఆగిపోయాడు, అప్పుడు మొదటివాడికి 81కే వస్తుంది, 120కి కాదు. అంటే మీ రేటు నిర్ణయించేది బాగా ఇష్టపడ్డవాడు కాదు, వాడి వెనకున్నవాడు. ఆ రెండోవాడు రాకపోతే మీరు 0.99 డాలర్లకి మొదలుపెట్టిన కెమెరా 0.99కే పోతుంది, ఇవ్వక తప్పదు. ఇద్దరు ముగ్గురు కచ్చితంగా కావాలనుకునే సరుకుకే తక్కువ నుంచి మొదలుపెట్టే ధైర్యం చేయాలి. అది తెలుసుకోవాలంటే సెర్చ్‌లో సోల్డ్ ఐటెమ్స్ అని టిక్ పెట్టండి, గత 90 రోజుల్లో నిజంగా ఎంతకి పోయాయో కనపడుతుంది. అమ్మేవాళ్ళు అడుగుతున్న రేట్లు చూసి లెక్కలేసుకోకండి, అడగడానికేముంది.

మోజున్న సరుకు కాకపోతే, ఇంతకంటే తక్కువకి పోతే బాధపడతా అనుకునే అంకె దగ్గరే మొదలుపెట్టండి. రిజర్వ్ ప్రైస్ (ఇంతకంటే తక్కువైతే ఇవ్వను అని లోపల దాచి పెట్టే రేటు) నాకు నచ్చదు, దానికి విడిగా ఫీజు, వస్తువు పోకపోయినా కట్టాలి, పైగా "రిజర్వ్ దాటలేదు" అని చూడగానే జనం విసుక్కుంటారు. బై ఇట్ నౌ (ఆక్షన్ ఆగకుండా ఈ రేటుకి వెంటనే కొనేయొచ్చు అనేది) కలిపి పెట్టొచ్చు గానీ అది మొదలు రేటు కన్నా కనీసం 30 శాతం ఎక్కువ ఉండాలి, మామూలుగా మొదటి బిడ్ పడగానే మాయమైపోతుంది.

రెండో కారణం ముగిసే టైము. మనం పిల్లలు పడుకున్నాక రాత్రి పదకొండున్నరకి కూర్చుని లిస్టింగ్ పెడతాం, ఏడు రోజుల తర్వాత సరిగ్గా పదకొండున్నరకే అది ముగుస్తుంది, న్యూయార్క్‌లో అప్పటికి పన్నెండున్నర, కొనాల్సినవాడు గురక పెడుతుంటాడు. నేను షెడ్యూల్ పెట్టి ఆదివారం సాయంత్రం మా టైము ఏడింటికి ముగిసేలా చూస్తా, తూర్పున ఎనిమిది, కాలిఫోర్నియాలో ఐదు. సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) ఆదివారం మాత్రం ఎక్కడికీ పోదు సరుకు, ఆ వారం మానేయండి.

రేటు పెంచడానికి బావగారితోనో ఫ్రెండ్‌తోనో బిడ్ వేయించకండి. సరదాగానే అంటారు అందరూ, దాన్ని షిల్ బిడ్డింగ్ అంటారు, అకౌంట్ పోతుంది.

సమస్య: అమ్ముడుపోయింది, మళ్ళీ ఇంటికొచ్చింది

"చెప్పినట్టు లేదు" అని కొన్నవాడు కేసు వేస్తే, మీరు రిటర్న్స్ లేవు అని పెట్టుకున్నా కూడా తీసుకోవాల్సిందే, వెనక్కి పంపే ఖర్చు కూడా మీదే. కారణం దాదాపు ఎప్పుడూ ఒక విశేషణం. "మింట్" (అంటే కొత్తదానిలా) అని రాస్తారు. యాభై ఏళ్ళ కెమెరా మింట్ ఎలా అవుతుందండీ, డబ్బాలోంచి తీయకపోతే తప్ప. "పర్‌ఫెక్ట్‌గా పని చేస్తుంది" బదులు ఏమేం చూశారో రాయండి: షట్టర్ అన్ని స్పీడ్లలో పడుతోంది, మీటర్ ముల్లు వెలుతురుకి కదులుతోంది, ఫిల్మ్ వేసి చూడలేదు, ఫోమ్ మార్చాలి. సీరియల్ నంబర్ ఫొటో కూడా లిస్టింగ్‌లోనే పెట్టేయండి, మీ మంచి కెమెరా ఉంచుకుని తన పాడైన కెమెరా వెనక్కి పంపే రకాలుంటారు, నాకు ఒకసారి తగిలాడు. అప్పట్నుంచి సీరియల్ నంబర్ లేకుండా పెట్టింది లేదు.

సమస్య: లిస్టింగ్ బాగుంది, సరుకే పెట్టకూడనిది

ఇది ఇండియాలో చుట్టాలున్నవాళ్ళకి. మా మామయ్య ఫోన్ చేసి, నిజాం కాలం నాటి చార్మినార్ రూపాయలున్నాయి, వందేళ్ళు పైబడ్డ సరుకు, పంపిస్తా, డాలర్లలో అమ్మిపెట్టు అన్నారు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం 100 ఏళ్ళు దాటిన నాణేలు పురావస్తువుల కిందకి వస్తాయి, మామూలు మనుషులు దేశం దాటించకూడదు, పోస్ట్‌లో అయినా సూట్‌కేసులో అయినా. దీనికి టైటిల్ మార్చి, ఫొటో మార్చి లాభం లేదు. అదే చెప్పి, చూడ్డానికి ఒక ఫొటో తీసి పంపించండి చాలు అన్నా. సాయంత్రానికి వచ్చింది, పూల దుప్పటి మీద, ఫ్లాష్ వేసి.