ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో స్పీడ్ సెన్సర్ ఎక్కడుందో వెతికి పట్టుకోవడం ఎలా?

స్పీడోమీటర్ ముల్లు నడుస్తూ నడుస్తూ సున్నాకి పడిపోతోందా? గేర్ మారినప్పుడల్లా కారు ఎవరో వెనకనుంచి తోసినట్టు కుదుపుతోందా? డాష్‌బోర్డు మీద డి (డ్రైవ్ గేర్) లైటు మిణుకుమిణుకుమంటోందా? ఇవి చూడగానే చాలామంది జాకీ ఎత్తి కారు కిందకి దూరిపోతారు. ఆగండి. ఏ సెన్సర్ కోసం వెతుకుతున్నారో ముందు తేల్చుకోకపోతే కింద గంటసేపు పడుకున్నా ఏమీ తేలదు, ఎందుకంటే గేర్‌బాక్స్‌కి మామూలుగా ఒక స్పీడ్ సెన్సర్ కాదు, రెండుంటాయి. ఒకటి ఇంజన్ నుంచి లోపలికి వచ్చే షాఫ్ట్ ఎంత వేగంగా తిరుగుతోందో చూస్తుంది, అది ఇన్‌పుట్ సెన్సర్. రెండోది చక్రాల వైపు బయటికి వెళ్లే షాఫ్ట్‌ని చూస్తుంది, అది అవుట్‌పుట్ సెన్సర్. ఈ రెండు వేగాల నిష్పత్తిని బట్టే గేర్ జారుతోందా లేదా అని కంప్యూటర్ లెక్కేసుకుంటుంది.

కాబట్టి ముందు కారు కంప్యూటర్‌లో నమోదైన లోపం కోడ్ చదవండి. అమెరికాలో ఆటోజోన్ లాంటి పార్ట్స్ షాపుల్లో చాలాచోట్ల ఉచితంగానే చదివిపెడతారు, లేదా చిన్న స్కానర్ కొనుక్కున్నా సరిపోతుంది. పి0715, పి0716, పి0717 వస్తే ఇన్‌పుట్ వైపు. పి0720, పి0721, పి0722 వస్తే అవుట్‌పుట్ వైపు. పి0500 మాత్రం కాస్త తిరకాసు: కారు వేగం సిగ్నల్ రావట్లేదని మాత్రమే దాని అర్థం, కొన్ని కార్లలో ఆ సిగ్నల్ చక్రాల దగ్గరున్న ఏబీఎస్ (బ్రేక్ వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) సెన్సర్ల నుంచి వస్తుంది, అప్పుడు గేర్‌బాక్స్ చుట్టూ ఎంత వెతికినా దండగే.

ఇక ఎక్కడుంటుంది? ఏ కారైనా సూత్రం ఒకటే: ఏది తిరుగుతోందో దాని ఎదురుగానే సెన్సర్ ఉంటుంది. ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే గంట ఆకారపు భాగానికి దగ్గరగా ఉన్నది చాలావరకు ఇన్‌పుట్, ఇరుసు లేదా డ్రైవ్‌షాఫ్ట్ బయటికొచ్చే వైపున్నది చాలావరకు అవుట్‌పుట్. చాలావరకు అన్నాను, ఎప్పుడూ అనలేదు. హోండాలే చూడండి.

2003 నుంచి 2007 వరకు వచ్చిన నాలుగు సిలిండర్ల హోండా అకార్డ్ తీసుకుందాం, అమెరికాలో మనవాళ్లు సెకండ్‌హ్యాండ్‌లో తెగ కొన్న బండి. దీని ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మిగతావాళ్లలా ప్లానెటరీ గేర్లతో (ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే గేర్లతో) కాకుండా, మాన్యువల్ గేర్‌బాక్స్ మాదిరిగా పక్కపక్కన ఉండే షాఫ్టులతో చేసినది. అందుకే హోండా పుస్తకాల్లో ఇన్‌పుట్ సెన్సర్‌ని మెయిన్‌షాఫ్ట్ సెన్సర్ అని, అవుట్‌పుట్ సెన్సర్‌ని కౌంటర్‌షాఫ్ట్ సెన్సర్ అని అంటారు. పార్ట్ ఆర్డర్ చేసేటప్పుడు ఈ పేర్లు గుర్తుంచుకోండి, లేకపోతే ఒకటి బదులు ఇంకోటి వస్తుంది. గేర్‌బాక్స్ కారుకి ఎడమవైపు ఉంటుంది. డ్రైవర్ వైపు అని చెప్పొచ్చు కానీ ఇదే 2.4 లీటర్ల అకార్డ్ ఇండియాలోనూ అమ్మారు, అక్కడ స్టీరింగ్ కుడికి మారింది గానీ గేర్‌బాక్స్ మారలేదు. సీట్లో కూర్చుని ముందుకు చూస్తే ఎడమ అని లెక్కపెట్టుకుంటే గొడవ లేదు.

బానెట్ ఎత్తి ముందు ఎయిర్ ఫిల్టర్ డబ్బా, దాని గొట్టం తీసేయండి. చేతికి చోటు చాలక బ్యాటరీ కూడా తీయాల్సి వస్తే, దానికి ముందు రేడియో కోడ్ మీ దగ్గరుందో లేదో చూసుకోండి, హోండా రేడియో కరెంటు పోయాక కోడ్ అడుగుతుంది. కోడ్ లేకపోతే పాటలు లేవు. డబ్బా తీసాక గేర్‌బాక్స్ అల్యూమినియం ఒంటి మీద బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క, దాన్ని పట్టుకుని ఒకే ఒక్క 10 నంబర్ బోల్టు, పైన మూడు వైర్ల కనెక్టర్ కనిపిస్తాయి. అదే సెన్సర్. రెండు బోల్టులుండి నూనె మరకలతో ఉన్న లోహపు ముక్కలు సోలినాయిడ్లు (కరెంటుతో పనిచేసే ఆయిల్ వాల్వులు), వాటి జోలికి పోకండి. గేర్ లివర్ కేబుల్‌కి సంబంధించి తిరిగే భాగం మీద బల్లపరుపుగా కూర్చున్నది లివర్ ఏ గేర్‌లో ఉందో చెప్పే రేంజ్ స్విచ్, అదీ కాదు.

వెనక చక్రాలతో నడిచే పెద్ద బళ్లలో పని తేలిక. షెవ్రొలే సిల్వరాడో లాంటి వాటిలో వచ్చిన 4ఎల్60ఈ గేర్‌బాక్స్‌కి అవుట్‌పుట్ సెన్సర్ తోక భాగంలో, కుడివైపు బయటికే ఉంటుంది. అదే నాలుగు చక్రాల డ్రైవ్ అయితే దాని వెనకున్న, ముందు చక్రాలకీ శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ మీద చూడాలి. దీనికి రెండే వైర్లు. కిందకి దూరేముందు చక్రాలకి అడ్డు పెట్టండి, జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండ్లు వేయండి, సైలెన్సర్ గొట్టం చల్లారనివ్వండి.

కొన్ని కార్లకి బయట ఎంత వెతికినా దొరకదు. మెర్సిడెస్ 722.6 గేర్‌బాక్స్‌లో రెండు స్పీడ్ సెన్సర్లూ లోపల, ఆయిల్ పాన్ విప్పితే కనబడే వాల్వ్ బాడీకి (ఆయిల్‌ని అటూ ఇటూ మళ్లించే భాగానికి) అంటుకున్న ప్లేటులో ఉంటాయి. దానికి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ (ఏటీఎఫ్) దింపాలి, అది ఇంట్లో చేసే పని కాదు, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.

సెన్సర్ కనబడింది కదా అని వెంటనే విప్పకండి. ట్రాన్స్‌మిషన్ డేటా చూపించే స్కానర్ ఉంటే హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజన్ ఆన్ చేసి, పార్క్‌లో ఇన్‌పుట్ వేగం చూడండి, ఇంజన్ ఆర్‌పీఎమ్‌కి దగ్గరగా ఉండాలి. బ్రేక్ గట్టిగా తొక్కి డి లో వేస్తే అది సున్నాకి రావాలి. పార్క్‌లోనూ సున్నానే చూపిస్తే ఇన్‌పుట్ సెన్సరో దాని వైరో పోయిందన్నమాట. అవుట్‌పుట్ సెన్సర్‌కి మాత్రం బండి కదలాల్సిందే, నిలబడినప్పుడు సున్నా చూపించడం న్యాయమే. రెండు వైర్ల సెన్సర్‌ని మల్టీమీటర్‌తో ఓమ్స్‌లో కొలవొచ్చు, మూడు వైర్లదాన్ని అలా కొలిచి పోయిందని తేల్చేయకండి, దానికి ముందు సప్లై వోల్టేజీ వస్తోందో లేదో చూడాలి.

విప్పాల్సి వస్తే చుట్టూ మట్టి ముందే తుడవండి, లేకపోతే అది గేర్‌బాక్స్‌లోకి పోతుంది. కొత్తదాని ఓ-రింగ్‌కి (చుట్టూ ఉండే రబ్బరు రింగుకి) కాస్త ఏటీఎఫ్ రాసి నెట్టండి. బోల్టు బిగించేది అల్యూమినియంలోకి, హోండాకైతే 12 న్యూటన్ మీటర్లు చాలు, బలం చూపిస్తే మర పోతుంది. కోడ్ చెరిపేసి నడిపాక అదే కోడ్ మళ్లీ వస్తే ఇంకో సెన్సర్ కొనే ముందు కనెక్టర్ ఊడదీసి పిన్నులకి చిలుము పట్టిందా, వైరు ఎక్కడైనా రాసుకుని తెగిందా చూడండి.