లినక్స్‌లో టైటిల్ బార్ మాయమైతే: సమస్య - పరిష్కారం

మా పెద్దనాన్నగారి పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ డెస్క్‌టాప్‌లలో ఒకటైన ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసి ఇచ్చాను. ఒకరోజు ఫోన్ చేసి, "ఒరేయ్, పైన ఇంటూ గుర్తు కనబడట్లేదురా, ఏదీ మూయలేకపోతున్నా" అన్నారు. "అన్నిటికీ పోయిందా పెద్దనాన్నా, ఒక్కదానికేనా?" అని అడిగాను. మీరూ ముందు చూసుకోవాల్సింది అదే. విండో పైన పేరు, ఇంటూ గుర్తు ఉండే పట్టీయే టైటిల్ బార్. దాన్ని గీసేవాళ్లు ఇద్దరు: ఒకటి విండో మేనేజర్ (విండోలను అమర్చి, కదిలించే ప్రోగ్రామ్), రెండోది ఆ యాప్ తనే. ఎవరి పని ఆగిందో తెలియకుండా సెట్టింగులన్నీ కెలికితే ఉన్నవీ పాడవుతాయి.

సమస్య: అన్ని విండోలకూ టైటిల్ బార్ పోయింది

విండో మేనేజర్ ఆగిపోయిందన్నమాట. ఎక్స్‌ఎఫ్‌సీఈలో దాని పేరు ఎక్స్‌ఎఫ్‌డబ్ల్యూఎం4. అది లేకపోతే విండోలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి, లాగితే కదలవు. ఒక్కోసారి టైప్ చేసినా అక్షరం పడదు.

ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కండి. వచ్చిన పెట్టెలో ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ఎక్స్‌ఎఫ్‌డబ్ల్యూఎం4, ఒక స్పేస్, రెండు హైఫన్లు, వాటికి ఆనుకుని రీప్లేస్ అని కొట్టి ఎంటర్ నొక్కితే బార్లు తిరిగొస్తాయి.

పెద్దనాన్నగారు మూడుసార్లు రీస్టార్ట్ చేసినా లాభం లేకపోయింది. లాగవుట్ పెట్టెలో సెషన్ (అప్పుడు నడుస్తున్న ప్రోగ్రామ్‌ల స్థితి) సేవ్ చేయమనే టిక్ ఉంది. దాంతో విండో మేనేజర్ లేని స్థితే సేవ్ అయిపోయి, ప్రతిసారీ అదే తిరిగి వస్తోంది. కీబోర్డు పనిచేయకపోయినా దీన్ని మౌస్‌తోనే సరిచేయొచ్చు. సెట్టింగ్స్‌లో సెషన్ అండ్ స్టార్టప్ తెరిచి, సేవ్ అయిన సెషన్లను క్లియర్ చేసే బటన్ నొక్కండి. తర్వాత ఆ టిక్ తీసేసి లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. ఆ టిక్ తీయడం మాత్రం మర్చిపోవద్దు, అసలు తంటా అంతా దానితోనే.

సమస్య: ఒక్క యాప్‌కే లేదు, లేదా దాని బార్ వేరేగా ఉంది

ఇది చాలావరకు యాప్ ఇష్టం. 2013లో జీటీకే (యాప్‌ల బటన్లు, మెనూలు గీసే టూల్‌కిట్) 3.10తో హెడర్ బార్ వచ్చాక చాలా యాప్‌లు బటన్లు, మెనూ అన్నీ కలిపి తమ బార్ తామే గీసుకుంటున్నాయి. అలాంటప్పుడు డెస్క్‌టాప్ థీమ్ మార్చి లాభం లేదు, ఆ యాప్ లోపలే వెతకాలి. ఫైర్‌ఫాక్స్‌లో టూల్‌బార్ ఖాళీ చోట రైట్‌క్లిక్ చేసి కస్టమైజ్ టూల్‌బార్ తెరిస్తే, కింద ఎడమవైపు టైటిల్ బార్ అనే టిక్ ఉంటుంది. క్రోమ్‌లో ట్యాబుల పక్కన ఖాళీ చోట రైట్‌క్లిక్ చేస్తే సిస్టమ్ టైటిల్ బార్ వాడమనే ఎంపిక కనబడుతుంది.

కేడీఈ అనే మరో డెస్క్‌టాప్‌లో ఒక్క విండోకే పోతే, పొరపాటున ఏదో నొక్కి ఉంటారు. ఆ విండో మీద ఉండి ఆల్ట్, ఎఫ్3 నొక్కండి. మోర్ యాక్షన్స్‌లో 'నో టైటిల్‌బార్ అండ్ ఫ్రేమ్' దగ్గర టిక్ ఉంటే తీసేయండి.

గ్నోమ్ అనే డెస్క్‌టాప్ సంగతి వేరు. వేలాండ్ (విండోలను తెర మీద చూపించే కొత్త పద్ధతి) మీద నేరుగా నడిచే యాప్‌లకు తాను బార్ గీసి ఇవ్వడానికి అది ఒప్పుకోదు, యాప్‌లే గీసుకోవాలంటుంది. అదే యాప్‌కు కేడీఈ బార్ గీసి ఇస్తుంది. కాబట్టి ఒకే ప్రోగ్రామ్ ఒకచోట బార్‌తో, ఇంకోచోట బోసిగా కనబడితే మీ సిస్టమ్ పాడైందని టెన్షన్ పడకండి.

సమస్య: మాగ్జిమైజ్ చేస్తేనే పోతోంది

ఎక్స్‌ఎఫ్‌సీఈలో విండో మేనేజర్ ట్వీక్స్‌కు వెళ్లి, యాక్సెసిబిలిటీ ట్యాబులో మాగ్జిమైజ్ అయినప్పుడు టైటిల్ దాచే టిక్ తీయండి. అయితే 1366×768 తెర ఉన్న ల్యాప్‌టాప్‌లో నేను దాన్ని కావాలనే ఉంచుతాను. చదివే పేజీకి ఇంకో వరుస చోటు దొరుకుతుంది.

సమస్య: ఇంటూ ఒక్కటే ఉంది, మిగతా రెండు బటన్లు లేవు

2011లో వచ్చిన గ్నోమ్ 3 నుంచీ అక్కడ మామూలుగా ఉండేది క్లోజ్ ఒక్కటే. గ్నోమ్ ట్వీక్స్ ఇన్‌స్టాల్ చేసుకుని, టైటిల్ బార్ బటన్ల దగ్గర మినిమైజ్, మాగ్జిమైజ్ ఆన్ చేస్తే చాలు.

సమస్య: బార్ ఉంది కానీ తెర పైకి వెళ్లి చిక్కుకుంది

ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఆల్ట్, గ్నోమ్‌లో విండోస్ గుర్తున్న కీ పట్టుకుని, విండో మధ్యలో ఎక్కడైనా నొక్కి కిందికి లాగండి. బార్ చేతికి అందుతుంది.