పసిబిడ్డ మెడ ఒకవైపే వాలుతుంటే

మా కోనసీమలో పసిపిల్లల మెడ ఒకవైపే వాలితే నూనె రాసి లాగేస్తుంటారు. దయచేసి అలా చేయకండి, లేత మెడ! మెడలో ఒక పక్క కండరం బిగిసినప్పుడు ఇలా అవుతుంది: కుడి కండరం బిగిస్తే తల కుడికి వాలి, గడ్డం ఎడమకి తిరుగుతుంది. మెడ పక్కన చిన్న గడ్డలా తగిలినా నొక్కకుండా పిల్లల డాక్టరుకి చూపించండి. ఆ కండరాన్ని ఎలా సాగదీయాలో ఫిజియోథెరపిస్టు దగ్గరుండి నేర్పిస్తారు. బిడ్డకి 3 నెలలు నిండేలోపే మొదలుపెడితే ఎంతో మేలు.

ఇంట్లో మాత్రం, బిడ్డ ఏవైపు తిరగట్లేదో ఆ వైపు నుంచే పలకరించండి, గిలక్కాయ ఆడించండి. వీధి గుమ్మం వెలుతురు కూడా అటే ఉండేలా పడుకోబెట్టండి. మెలకువగా ఉన్నప్పుడు చాప మీద కాసేపు బోర్లా వేసి, ఎదురుగా మీరూ బోర్లా పడుకుని కబుర్లు చెప్పండి. నిద్రకి మాత్రం వెల్లకిలానే. చీర ఉయ్యాలలో గంటలు గంటలు వదిలేయకండి, అందులో తల వాలినవైపే ఉండిపోతుంది.