సీ ప్రోగ్రామ్‌లో బైనరీ డేటాను బేస్64 టెక్స్ట్‌గా మార్చడం

జేపెగ్ బొమ్మనో, ఎన్‌క్రిప్షన్ కీనో జేసన్ అనే టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టి పంపాలంటే ముందు ఆ బైట్లు టెక్స్ట్ కావాలి. హెక్స్ (ఒక్కో బైట్‌కు రెండు అక్షరాలు) తేలికే గానీ సైజు రెట్టింపవుతుంది. బేస్64లో పెరిగేది సుమారు మూడో వంతే. నియమాలన్నీ ఆర్‌ఎఫ్‌సీ 4648 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలో ఉన్నాయి.

మూడు బైట్లంటే 24 బిట్లు. ఆరేసి బిట్ల చొప్పున నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటీ 0 నుంచి 63 లోపు ఉంటుంది. అదే 64 అక్షరాల టేబుల్‌కి ఇండెక్స్: క్యాపిటల్ లెటర్లు, స్మాల్ లెటర్లు, అంకెలు, చివర + , / గుర్తులు.

ముందు అవుట్‌పుట్ బఫర్ సైజు. బైట్లు 'న' అయితే 4 × ((న + 2) / 3), దానిపై నల్‌కి (స్ట్రింగ్ ముగింపు చెప్పే సున్నా బైట్) ఇంకో 1, భాగహారం పూర్ణాంకాల్లోనే. 100 బైట్లకు 137 కావాలి. ఆ ఒక్కటి మరిచిపోతే పక్క మెమరీ పాడై, ప్రోగ్రామ్ ఇంకెక్కడో, చాలాసార్లు మెమరీని వదిలే ఫ్రీ ఫంక్షన్ దగ్గర, కూలుతుంది.

మొదటి బైట్‌ను 16, రెండోదాన్ని 8 బిట్లు ఎడమకు జరిపి, మూడోదానితో ఓఆర్ చేసి 32 బిట్ల అన్‌సైన్డ్ వేరియబుల్‌లో పెట్టండి. దాన్ని 18, 12, 6, 0 బిట్లు కుడికి జరుపుతూ ప్రతిసారీ 63తో యాండ్ చేయండి.

ఇన్‌పుట్ పాయింటర్ తప్పనిసరిగా అన్‌సైన్డ్ క్యార్ అయి ఉండాలి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. జేపెగ్ మొదటి మూడు బైట్లు 255, 216, 255. ఇండెక్స్‌లు 63, 61, 35, 63 వచ్చి, టెక్స్ట్ స్లాష్, 9, స్మాల్ జే, స్లాష్ కావాలి. మామూలు క్యార్ సైన్డ్‌గా ఉండే కంపైలర్‌లో మూడో బైట్ -1 అయి, 32 బిట్లూ ఒకట్లతో నిండుతుంది. ఓఆర్ చేయగానే మిగతా రెండు బైట్లూ తుడిచిపెట్టుకుపోయి నాలుగు స్లాష్‌లు వస్తాయి. ఇంగ్లిష్ టెక్స్ట్‌తో పరీక్షిస్తే బైట్లన్నీ 128 లోపే కాబట్టి ఈ తప్పు బయటపడదు.

చివర ఒక్క బైట్ మిగిలితే రెండు అక్షరాలు, రెండు = గుర్తులు; రెండు మిగిలితే మూడు అక్షరాలు, ఒక =. లేని బిట్లు సున్నాలే.

ఇన్‌పుట్ పొడవును ఎస్‌టీఆర్‌లెన్ ఫంక్షన్‌తో కొలవొద్దు, అది మొదటి సున్నా బైట్ దగ్గరే ఆగిపోతుంది; పొడవును విడిగా పంపండి. ఫైలును 'ఆర్‌బీ' (బైనరీగా చదివే) మోడ్‌లో తెరవండి. విండోస్ టెక్స్ట్ మోడ్‌లో 13, 10 జంట ఒక్క 10 అయిపోతుంది, 26 కనిపిస్తే ఫైలు అయిపోయిందనుకుంటుంది. ముక్కలుగా చదివితే ముక్క సైజు 3 గుణిజం కావాలి, లేదంటే = గుర్తులు మధ్యలో పడతాయి.

0, 1, 2, 3 బైట్ల ఇన్‌పుట్‌తోనూ, 0 నుంచి 255 దాకా అన్ని విలువలతోనూ పరీక్షించి, లినక్స్‌లోని బేస్64 కమాండ్ ఇచ్చేదానితో పోల్చండి. ఆ కమాండ్ 76 అక్షరాలకోసారి లైను విరుస్తుంది. ఆ విరుపులు తీసేశాకే పోల్చాలి.