నల్లరేగడిలో నిలిచే కాలిబాట: రోమన్ల పొరల లెక్కతో

మా ఇల్లు తాండూరు దగ్గర, నల్లరేగడిలో. గేటు నుంచి గుమ్మం దాకా బాట వేయాలంటే మేస్త్రి చెప్పేది ఒక్కటే: "మూడంగుళాలు కాంక్రీటు పోసేద్దాం సార్, ఒక్కపూట పని." రేగడి ఎండకు నెర్రెలిస్తుంది, వానకు ఉబ్బుతుంది. దానితోపాటు ఆ పలకా పగులుతుంది. రోడ్లమీద ఓవర్సీరుగా బతికినవాణ్ని, నా ఓటు రోమన్ల పొరలకే.

పుస్తకాల్లో కనిపించే రోమన్ రోడ్డు బొమ్మను మాత్రం పూర్తిగా నమ్మకండి. స్టాట్యుమెన్ (అడుగు రాళ్లు), రూడస్ (కంకర సున్నం), న్యూక్లియస్ (నూరిన పెంకుల సున్నం) అన్న పేర్లు ప్రాచీన రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ ఇళ్లలో గచ్చు వేయడం గురించి రాసినవి. 1622లో నికొలా బెర్జియే అనే ఫ్రెంచి పండితుడు వాటిని రోడ్లకు తగిలించాడు. తవ్వకాల్లో బయటపడ్డ అసలు రోడ్లలో నేలను బట్టి, దగ్గర్లో దొరికే రాయిని బట్టి పొరలు మారుతూనే ఉన్నాయి. అయితే మనం నడిచే బాటకు ఆ గచ్చు లెక్క బాగా పనికొస్తుంది.

వానలు పడకముందే పని మొదలుపెట్టండి. రెండువైపులా నూలు కట్టి, మూడడుగుల వెడల్పున, పదంగుళాల లోతున తవ్వండి. అడుగు తడిపి దిమ్మిసతో గట్టిగా కొట్టించాక అంగుళంన్నర మందాన మొరం పరచండి. ఇది విట్రూవియస్ చెప్పింది కాదు, నేను కలిపింది. ఇది లేకపోతే వానకు మెత్తబడ్డ రేగడి రాళ్ల సందుల్లోంచి పైకి ఎగదన్నుకొస్తుంది, రాళ్లు కిందికి దిగిపోతాయి. రెండూ కలిసిపోయాక పైన ఎంత మంచి బండ వేసినా దండగే.

దానిమీద నాలుగంగుళాల మందాన గుండ్రాళ్లు. పిడికిలికి తక్కువ కాని రాయి కావాలన్నది విట్రూవియస్ మాట. కుప్పగా పోయించకండి, చేత్తో పేర్పించి సందుల్లో చిన్న రాళ్లు కొట్టించండి.

ఆ తర్వాత మూడంగుళాలు కంకర, సున్నం. మూడు పాళ్లు కొత్త కంకరకు ఒక పాలు సున్నం. ఆయన ఈ పొరను కొట్టాక ముప్పావు అడుగు ఉండాలన్నాడు, మన నడకకు అంత అక్కర్లేదు. కొట్టడంలో మాత్రం పిసినారితనం వద్దు. రోమన్లు పదేసిమందిని పెట్టి కర్ర దిమ్మిసలతో కొట్టించేవారు. నీరుసున్నం బస్తా తెచ్చి ముందురోజే నానబెట్టండి. రాతిసున్నం మీద ఇంట్లో నీళ్లు పోయవద్దు, మరిగి కళ్లలో చిమ్ముతుంది.

రోమన్ల లెక్కలో మూడో పొర రెండంగుళాలు. ఇటుక ముక్కలు, పగిలిన పెంకులు నూరి, మూడుకు ఒకటి సున్నం. సుర్కీ అంటే మన పాత మేస్త్రులకు తెలుసు. నల్లగా మాడిన ఇటుక వాడితే సున్నంతో సరిగా పట్టదు, అది వేరేయండి. మధ్యలో ముప్పావు అంగుళం ఎత్తుగా, అంచులకు వాలుగా ఉంచితే నీళ్లు నిలవవు. తడి గోనెపట్టాలు కప్పి వారం పదిరోజులు తడుపుతూ ఉండండి. సున్నానికి సిమెంటు తొందర ఉండదు.

పైన బండ. రోమ్ నుంచి బయల్దేరే పాత రాజమార్గం అప్పియన్ దారిలో రోమన్లు పరిచింది నల్లటి లావా రాయి, వంకరటింకర ముక్కలను ఒకదానికొకటి ఇరికించి. మనకు పాలిష్ ఫ్యాక్టరీల దగ్గర తాండూరు ముక్కలు చవగ్గా దొరుకుతాయి. ఎప్పుడో సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్న సున్నపురాయి కాబట్టే అది అంత చక్కగా పలకలుగా విడుతుంది. అదే దాని బలహీనతా. ప్రతి ముక్కనూ ఒక మూల పట్టుకుని వేలాడదీసి సుత్తితో చిన్నగా తట్టండి. ఖంగుమంటే తీసుకోండి. మొద్దుగా పలికితే లోపల పొర విడిపోయినట్టే, రెండు ఎండాకాలాల్లో పెచ్చులు లేస్తుంది. అంగుళంన్నర మందానికి తక్కువ కొనకండి. అంచుల్లో ఇంకా మందమైన రాళ్లు నిలువుగా పాతితే బాట పక్కలకు జారదు.

ఇరువైపులా జానెడు కాలువ తీసి వీధివైపు వదలండి. బాట మీద రెండు బిందెల నీళ్లు గుమ్మరించి చూడండి, మడుగు కట్టినచోట బండ ఎత్తి సుర్కీ సరిచేయండి. మొదటి వానాకాలం దాటాక ఒకటి రెండు బండలు దిగినా కంగారు పడొద్దు. గడ్డపారతో లేపి, కింద అంత మేరకు నింపి, మళ్లీ అక్కడే పెట్టేయొచ్చు.